పనిముట్ల సందేహాలు: రాగి సుత్తి కొనేముందు, కొట్టేముందు

ప్రశ్న: రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) రిపేరు చేస్తుంటాను. గేరుబాక్సు షాఫ్టును ఇనుప సుత్తితో కొడితే చివర పుట్టగొడుగులా విచ్చుకుని, బేరింగు అక్కడే ఇరుక్కుపోతోంది. రాగి సుత్తి కొనమంటున్నారు. ఇత్తడిది, నైలాన్‌ది ఇంకా చవగ్గా వస్తాయి కదా, ఏది మేలు? ఎంత బరువుండాలి?
– ఒక మెకానిక్, విడవలూరు

జవాబు: రెండు సుత్తులు పెట్టుకోండి. షాఫ్టుకు రాగిది, గేరుబాక్సు బాడీకి నైలాన్‌ది. సుత్తి ముఖం తాను కొట్టే వస్తువు కన్నా మెత్తగా ఉంటే సొట్ట సుత్తికే పడుతుంది, వస్తువు మిగులుతుంది. స్టీలు షాఫ్టు కన్నా రాగి మెత్తన. పోత అల్యూమినియం బాడీ దగ్గర మాత్రం ఈ లెక్క తప్పుతుంది, అక్కడ రాగి సుత్తే సొట్ట పెడుతుంది. పైగా అల్యూమినియం మీద అంటుకున్న రాగి, మన తీరంలోని ఉప్పుగాలికీ చెరువు నీళ్లకీ తోడై, సరిగ్గా ఆ చోటే గుంటలు పడేలా తినేస్తుంది. పొరపాటున తగిలితే ఆ ఎర్రటి మరక పూర్తిగా పోయేదాకా ఎమరీ కాగితంతో రుద్దేయండి.

ఇత్తడి రాగి కన్నా గట్టిది. కీవే (పుల్లీ జారకుండా పెట్టే కీ ముక్క కూర్చునే గాడి) అంచుల మీద, థ్రెడ్ల మీద మచ్చ వేస్తుంది. నైలాన్ మరీ తేలిక, తుప్పుతో బిగుసుకున్న షాఫ్టును కదిలించే దెబ్బ దాంట్లో ఉండదు. 25–30 మిల్లీమీటర్ల షాఫ్టులకు కిలో రాగి సుత్తి, కీ ముక్కలకు, చిన్న పుల్లీలకు అరకిలోది సరిపోతాయి. తేలికైన సుత్తితో పది టకటక దెబ్బలు వేస్తే షాఫ్టు చివర నలుగుతుందే గాని లోపలికి కదలదు. బరువైనదాన్ని నింపాదిగా ఎత్తి, ముఖం మొత్తం ఆనేలా రెండు దెబ్బలు వేయండి. షాఫ్టు చివర థ్రెడ్ ఉంటే ముందు నట్టును అంచుకు సమంగా తిప్పి ఉంచండి. రాగి మెత్తనే అయినా థ్రెడ్‌ను నలపగలదు.

కొనేటప్పుడు అయస్కాంతం జేబులో వేసుకెళ్లండి. అంటుకుంటే అది రాగి పూత వేసిన ఇనుము. అంటుకోకపోతే ఒక మూల ఆకురాయితో గీసి చూడండి: లోపల ఎరుపైతే రాగి, పసుపైతే ఇత్తడి.

ఇక బేరింగు సంగతి. దాన్ని ఏ సుత్తితోనూ నేరుగా కొట్టకూడదు, రాగి సుత్తితో కూడా. రాగి రేణువులు లోపలికి పోయి గుండ్ల దారిని పాడుచేస్తాయి. తీయడానికి పుల్లర్ (కొట్టకుండా మర బిగించి లాగే పనిముట్టు) వాడండి. ఎక్కించేటప్పుడు దెబ్బ బిగువుగా ఉన్న రింగు మీదే పడాలి. షాఫ్టుకు ఎక్కిస్తుంటే అది లోపలి రింగు. 6206 బేరింగుకు (దాని కన్నం 30 మిల్లీమీటర్లు) లోపలి కొలత 31, బయటి కొలత 38 మిల్లీమీటర్లున్న పైపు ముక్కను, రెండు చివరలూ లేతులో చదును చేయించి పెట్టుకుంటే చాలు. బయటి రింగు మీద కొడితే ఆ దెబ్బ గుండ్ల మీదుగా పోయి దారిలో గుంటలు పెడుతుంది. ఆ బేరింగు కొత్తగా బిగించిన రోజే గరగరమంటుంది. దాన్ని చూసి కంపెనీ సరుకు బాగోలేదనుకుంటారు.

ప్రశ్న: గ్రానైటు పాలిషింగు యూనిట్‌లో మా రాగి సుత్తి రానురాను గట్టిపడి, అంచులు వెనక్కి చుట్టుకుపోయాయి. స్పిండిల్ (తిరిగే ఇరుసు) మీద గీతలు కూడా పడుతున్నాయి. పారేయాల్సిందేనా?
– చీమకుర్తి

జవాబు: అక్కర్లేదు. దెబ్బలు తినేకొద్దీ రాగి గట్టిపడుతుంది, కాలిస్తే మళ్లీ మెత్తబడుతుంది. గీతలకు ఇంకో కారణం కూడా ఉంది. రాతి స్లర్రీలోని (రాతిపొడి కలిసిన నీళ్లలోని) రేణువులు మెత్తటి రాగిలో దిగబడి కూర్చుంటాయి, అప్పుడు సుత్తి ముఖం ఎమరీ రాయిలా పనిచేస్తుంది. కొట్టబోయే ముందు స్పిండిల్‌నూ సుత్తినీ కడిగి తుడవండి. వైరు బ్రష్షుతో లాగినా రాని రేణువులుంటే ముఖాన్ని ఆకురాయితో ఒక పొర తీసేయండి.

ముందుగా చుట్టుకున్న అంచును రాసేసి, చుట్టూ 2 మిల్లీమీటర్ల వాలు పెట్టండి. ఆ అంచే విరిగి కంట్లోకి ఎగిరేది. రాగి ముక్క కంట్లో దిగితే వాపు తీవ్రంగా వస్తుంది. రుమాలు కొసతో తీసే ప్రయత్నం చేయకుండా కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. రక్షణ కళ్లద్దాలు లేకుండా ఈ సుత్తి పట్టుకోనివ్వకండి.

తర్వాత పిడి ఊడదీసి, గ్రీజు కడిగేయండి. రెండోవైపు తోలు గానీ నైలాన్ గానీ ఉంటే అదీ తీసేయాలి. గ్యాస్ మంటను నీడలో పట్టండి, ఎండలో ఎరుపు కనబడక ఎక్కువ కాలుస్తారు. రాగి వేడిని వెంటనే లాగేస్తుంది కాబట్టి పెద్ద నాజిల్ కావాలి. ముక్కను తిప్పుతూ మసక ఎరుపు వచ్చేదాకా కాల్చి, ఒకటి రెండు నిమిషాలు అలాగే ఉంచండి. మంటలో ఆక్సిజన్, ఎసిటిలీన్ సమంగా ఉండాలి. ఎసిటిలీన్ ఎక్కువైతే కొన్ని రకాల రాగి లోలోపల పగుళ్లిస్తుంది. నారింజ రంగుకు తిరిగితే మంట తీసేయండి, 1085 డిగ్రీల దగ్గర రాగి కరిగిపోతుంది. తెల్లటి పొగ లేస్తే అది ఇత్తడి. ఆ పొగ పీలిస్తే జ్వరం వస్తుంది, వెంటనే ఆపి దూరంగా జరగండి.

ఎరుపెక్కాక నీళ్లలో ముంచినా, గాలికి వదిలేసినా మెత్తదనం ఒకటే. నీళ్లలో ముంచితే నల్ల పొలుసు రాలిపోతుంది గనుక ఆ పద్ధతి నయం. పొడవాటి పట్టకారుతో ముంచండి, ఆవిరి ఎగదన్నుతుంది. డైమండ్ బ్లేడు తీసేటప్పుడు మాత్రం ఎంత మెత్తటి సుత్తయినా సెగ్మెంట్లకు (అంచున రాతిని కోసే ముక్కలకు) తగలనివ్వకండి.

ప్రశ్న: రాగి సుత్తికి నిప్పురవ్వలు రావంటారు. పడవ ఇంజన్ పెట్రోలు ట్యాంకు దగ్గర ధైర్యంగా వాడొచ్చా?
– జువ్వలదిన్నె

జవాబు: ఆ ఒక్క ధైర్యంతో వాడకండి. రాగి ముఖంలో ఇనుప రజను గానీ రాతి రేణువు గానీ దిగి ఉంటే రవ్వ లేవొచ్చు. ముందు ట్యాంకును విప్పి ఒడ్డుకు తీసుకెళ్లండి, ఆవిరి గాలికి పోయాకే ఇంజన్ పని మొదలుపెట్టండి. ఖాళీ ట్యాంకులోని ఆవిరి కూడా అంటుకుంటుంది.

ప్రశ్న: ఎండాకాలంలో సుత్తి తల వదులవుతోంది. రాత్రంతా నీళ్లలో నానబెడితే సరిపోతుందా?
– కావలి

జవాబు: పొద్దునకు బిగుస్తుంది, ఆరగానే మునుపటి కన్నా వదులవుతుంది. తడికి ఉబ్బిన కర్ర కన్నంలో నలిగి, ఆరాక ఇంకా సన్నబడటమే కారణం. పాత చీల తీసి, పిడిని తలలోకి ఇంకాస్త దింపి, కాస్త మందమైన కొత్త చీల కొట్టండి. పిడి మార్చాల్సి వస్తే బాగా ఎండిన నల్లతుమ్మ కర్ర తీసుకోండి, ఈనెలు పొడవునా నిటారుగా సాగాలి. కన్నం దగ్గర చిన్న పగులు కనిపించినా ఆ పిడిని పొయ్యిలో పెట్టేయండి.