సాక్షి చనిపోతే ఆయన చెప్పిన సాక్ష్యం ఏమవుతుంది?

ప్రశ్న: పేలుళ్ల కేసులో పోలీసులకు వాంగ్మూలం ఇచ్చిన మా బంధువు, కోర్టులో సాక్ష్యం చెప్పకముందే అనుమానాస్పదంగా చనిపోయాడు. ఆయన చెప్పింది చెల్లుతుందా? మేమేం చేయాలి?

మాది హనుమకొండ. నాకు ఎదురైంది పేలుళ్ల కేసు కాదు, మా సొంతూళ్లో జరిగిన ఒక హత్య కేసు. అందులో మా చిన్నాయన కళ్లారా చూసిన సాక్షి. 2016లో, విచారణ మొదలవకముందే, వ్యవసాయ బావిలో శవమై తేలాడు.

మార్చురీ బయట పోలీసులే చిన్నమ్మ ఇచ్చినట్టుగా ఫిర్యాదు రాసేసి ఆమె వేలిముద్ర అడిగారు. ఇంకు అంటిన వేలు కాగితం మీద పెట్టబోతుంటే ఆపి చదివాను. "కడుపునొప్పి భరించలేక, జీవితంపై విరక్తి చెంది..." అని ఉంది. "గాయనకు కడుపునొప్పి ఎప్పుడుండె బిడ్డా?" అంది చిన్నమ్మ. మళ్లీ రాయించడానికి సాయంత్రం అయింది. ఆ స్టేషన్ పేరు ఇప్పుడెందుకులెండి. "సాక్ష్యం చెప్పొద్దని బెదిరించారు, చావు మీద అనుమానం ఉంది" అన్న రెండు ముక్కలు ఎక్కకపోతే ఆ ఫైలు ఆ రోజే మూతపడేది. చివరికి విసెరాలో (ల్యాబుకు పంపిన లోపలి అవయవాల ముక్కల్లో) విషం లేదన్నారు. ఎవరైనా తోశారా లేదా అన్నది మాత్రం ఇప్పటికీ తేలలేదు. దినాలు అయిన వారానికి ఆయన పేరు మీదే కోర్టు సమన్లు వచ్చాయి.

హత్య కేసు కొట్టేశారు. చిన్నాయన చెప్పింది పోలీసులకు మాత్రమే, అది సంతకం కూడా లేని వాంగ్మూలం. మనిషి లేకపోతే దానికి కోర్టులో విలువ ఉండదు. మెజిస్ట్రేట్ ముందు ఇచ్చిన వాంగ్మూలానికి బరువెక్కువే కానీ, క్రాస్ (అవతలి లాయరు ఎదురు ప్రశ్నలు వేయడం) జరగలేదు కాబట్టి అదొక్కటే శిక్షకు చాలదు. కోర్టులో సాక్ష్యం చెప్పి, అవతలి లాయరుకు క్రాస్ చేసే అవకాశం దొరికాక చనిపోతే మాత్రం ఆ మాట నిలుస్తుంది. అందుకే ఏళ్ల తరబడి సాగే కేసులంటే నాకు భయం. 2013 ఫిబ్రవరి నాటి దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ల కేసులో తీర్పు వచ్చింది 2016 డిసెంబరులో.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. ఆయన చావే కేసుగా నమోదైతే, చనిపోయే ముందు "ఫలానావాడు రమ్మన్నాడు, వెళ్తున్నా" అని ఇంట్లో చెప్పిన మాట ఆ కేసులో సాక్ష్యమవుతుంది. పాకాల నారాయణస్వామి నిందితుడిగా ఉన్న పాత హత్య కేసులో, డబ్బు తెచ్చుకోవడానికి బరంపురం వెళ్తున్నానని భార్యకు చెప్పి బయల్దేరిన మనిషి 1937లో పూరీలో రైల్లో ట్రంకుపెట్టెలో శవంగా దొరికాడు. భార్యకు చెప్పిన ఆ మాట చెల్లుతుందని 1939లో ప్రీవీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో మనకు ఆఖరి అప్పీలు కోర్టు) తేల్చింది. కాబట్టి మీవాడు ఎవరితో ఏమన్నాడో తేదీలతో సహా ఇప్పుడే రాసి పెట్టుకోండి. ఫోను రీసెట్ చేయకండి. అంత్యక్రియలు ఇంకా కాకపోతే దహనం చేయకుండా పూడ్చండి, రీపోస్ట్‌మార్టం అడిగే వీలుంటుంది.

మీ ఇంట్లో అదే కేసుకు ఇంకో సాక్షి ఉంటే ఆలస్యం చేయొద్దు. సాక్షుల రక్షణ పథకాన్ని 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించింది. మా చిన్నాయన నాటికి అది లేదు. జిల్లా జడ్జి అధ్యక్షుడిగా ఉండే కమిటీకి కుటుంబసభ్యులు కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉగ్రవాద కేసుల్లోనైతే సాక్షి పేరు, చిరునామా బయటపెట్టొద్దని కోర్టును విడిగా అడగవచ్చు.