ముంబైకి వెళ్తున్న యువ రబ్బీకి

చిరంజీవికి ఆశీస్సులు.

ముంబైలో బెనె ఇజ్రాయెల్ అనే యూదు సమాజానికి రబ్బీగా, అంటే మతగురువుగా వెళ్తున్నావని నీ ఉత్తరం చూసి చాలా సంతోషించాను. మొదటి షబ్బాత్ నాడు, అంటే శనివారపు విశ్రాంతి దినాన, ఏం ప్రసంగించమంటారని అడిగావు. ప్రసంగం సంగతి తర్వాత చూద్దాం నాయనా. ముందు ఎవరి మధ్యకు వెళ్తున్నావో తెలుసుకో.

ఆ సమాజం వందల ఏళ్లు రబ్బీ లేకుండానే బతికింది. కొంకణ తీరంలో నవగావ్ దగ్గర ఓడ పగిలి ఒడ్డుకు చేరినవాళ్ల సంతతి తామని వాళ్లు చెప్పుకుంటారు. గానుగాడించి బతికారు. శనివారం గానుగ కట్టేవాళ్లు కాదు, అందుకే చుట్టుపక్కల ఊళ్లలో వాళ్లను ‘శనివార్ తేలీ’ అన్నారు. డేవిడ్ రహాబీ అనే ఆయన వచ్చి, వీళ్లు నిజంగా యూదులేనా అని చూడటానికి ఆడవాళ్ల చేతికి రకరకాల చేపలిచ్చి వండమన్నాడట. యూదులు తినకూడని, రెక్కలూ పొలుసులూ లేని చేపలను వాళ్లు పక్కకు తీసి పెట్టేశారట. పుస్తకాలు పోయాయి, హీబ్రూ పోయింది. ‘దేవుడు ఒక్కడే’ అని చాటే ‘షెమా’ ప్రార్థన, సున్తీ, షబ్బాత్, వంటింటి నియమాలు మాత్రం పోలేదు. తల్లుల చేతుల మీదుగా నిలబడిన ధర్మం అది. దానికి మొదట నమస్కారం పెట్టు, బోధన తర్వాత.

మలీదా అనే మొక్కు వేడుకకు పిలుస్తారు, తప్పకుండా వెళ్లు. తడిపిన అటుకుల్లో కొబ్బరి కోరు, చక్కెర కలిపి, పళ్లు పేర్చి ఏలియా ప్రవక్తను తలుచుకుంటారు. షబ్బాత్‌ను ఆహ్వానిస్తూ చేసే కిద్దూష్ ప్రార్థనకు ద్రాక్షసారా బదులు నానబెట్టిన ఎండుద్రాక్షతో షర్బత్ తీస్తారు. ఇది ఏ గ్రంథంలో ఉందని అడగకు. వీళ్లను ఇదివరకే చాలా ప్రశ్నలు అడిగారు. ఇజ్రాయెల్‌కు వెళ్లాక వీళ్ల యూదుత్వాన్నే శంకించి, పెళ్లిళ్ల దగ్గర తాతముత్తాతల చిట్టా తీయమన్నారు. పోరాడితే తప్ప, 1964లో అక్కడి పార్లమెంటు వీళ్లు అన్ని విధాలా యూదులేనని ప్రకటించలేదు. ఆ గాయం ఇంకా మానలేదు. కొత్తగా వచ్చిన రబ్బీ ముఖంలో ఆ శంక కనిపిస్తుందేమోనని చూస్తారు. కనిపించనివ్వకు.

ఇక రోజువారీ పని. 1948 తర్వాత ఆ సమాజంలో ఎక్కువమంది ఇజ్రాయెల్‌కు వెళ్లిపోయారు. మిగిలినవాళ్లలో చాలామంది థానే వైపు సర్దుకున్నారు. మస్జిద్ స్టేషన్ దగ్గర 1796 నాటి సినగాగ్ (యూదుల ప్రార్థనామందిరం) ఉంది, గోడలు గట్టివే. గోడలుంటే చాలదు, ప్రార్థనకు పదిమంది మగవాళ్లు కావాలి కదా. మిన్యాన్‌ను, అంటే ఆ పదిమందిని, నిలబెట్టడం రబ్బీ పని కాదు, కమిటీ పని అనుకునేవాళ్లను చూశాను. నాకది అస్సలు నచ్చదు. మా ఊళ్లో ఒక చలికాలపు పొద్దున తొమ్మిదిమందిమే ఉన్నాం. తండ్రి పోయి నెల కూడా కానివాడు పుస్తకం పట్టుకుని వాకిలి వైపే చూస్తున్నాడు. పదోవాడు లేకపోతే వాడికి కద్దీష్, అంటే పోయినవాళ్ల కోసం చెప్పే ప్రార్థన, చెప్పే వీల్లేదు. ఎవరో పరుగెత్తి వెళ్లి రొట్టెల బట్టీ నుంచి ఒకాయన్ను లాక్కొచ్చారు, మోచేతుల దాకా పిండి. ఆయనకు ప్రార్థన సరిగ్గా రాదు. అయినా ఆ పూట మాకు ఆయనకంటే పెద్దవాడు లేడు. కాబట్టి శుక్రవారం మధ్యాహ్నం, పొద్దు వాలకముందే, ఫోన్ దగ్గర కూర్చో. రేపు వస్తారా అని అడిగే వంకతో ఒంట్లో ఎలా ఉందో కూడా అడుగు.

ఎందుకంటే అక్కడ చాలా ఇళ్లలో పిల్లలు ఇజ్రాయెల్‌లో అష్దోద్‌లోనో డిమోనాలోనో ఉంటారు, ముసలి తల్లి ఒక్కతే ముంబైలో ఉంటుంది. మన ధర్మశాస్త్ర గ్రంథం తాల్ముద్‌లో రబ్బీ అకీవా కథ గుర్తుంది కదా? శిష్యుడొకడు జబ్బుపడితే పండితులెవరూ చూడటానికి పోలేదు. అకీవా వెళ్లాడు. ఆయన వచ్చాడని ఇల్లు ఊడ్చి నీళ్లు చల్లారు. దాంతో వాడు కోలుకుని, ‘మీరు నన్ను బతికించారు’ అన్నాడు. రోగిని చూడటానికి వెళ్లకపోవడం రక్తం చిందించడంతో సమానమని అకీవా చెప్పింది ఆ తర్వాతే. నువ్వూ మంచం పక్కన వేదాంతం చెప్పకు. మంచినీళ్ల కుండ నిండిందా, మందులు అయిపోయాయా, గదిలో గాలి ఆడుతోందా, అవి చూడు.

డబ్బు విషయంలో పాత నియమం వదలకు. ధర్మనిధిని ఇద్దరు కలిసి వసూలు చేయాలి, ముగ్గురు కూర్చుని పంచాలి. ఎంత నమ్మకస్తుడివైనా ఒక్కడివే తాళం చెవి పెట్టుకోకు. ధర్మనిధి లేని యూదు సమాజాన్ని తాను చూడలేదు, వినలేదు అని మధ్యయుగపు యూదు పండితుడు మైమోనిడెస్ రాశాడు. దానానికి ఎనిమిది మెట్లు చెబుతూ, మనిషికి పనో అప్పో భాగస్వామ్యమో ఇచ్చి మళ్లీ చేయి చాచే అవసరం లేకుండా చేయడాన్ని అన్నిటికంటే పైన పెట్టాడు. కుట్టుమిషను కొనిచ్చే అవకాశముంటే బియ్యం బస్తాతో సరిపెట్టకు.

చావు జరిగిన ఇంటి గురించి కాస్త ఎక్కువే రాస్తాను. ఒకప్పుడు ఓదార్చడానికి వచ్చేవాళ్లు కలవారింటికి వెండి, బంగారు బుట్టల్లోనూ, లేనివారింటికి బెత్తపు బుట్టల్లోనూ భోజనం తెచ్చేవాళ్లు. లేనివాళ్లు సిగ్గుపడుతున్నారని, అందరికీ బెత్తపు బుట్టలే అని పెద్దలు శాసించారు. అంత్యక్రియల ఖర్చు చావు కంటే భారమైపోతే, ప్రాచీన పండితుడు రబ్బన్ గమలియేల్ తనను మామూలు నారబట్టల్లోనే సాగనంపేలా చేశాడు. అప్పటి నుంచి అందరూ అదే దారి పట్టారు. కాబట్టి షివా అనే సంతాపపు ఏడు రోజుల్లో ఎవరైనా ఆడంబరం మొదలుపెడితే, మెత్తగానే అయినా ఆపు. మొదటి భోజనం ఇరుగుపొరుగు నుంచి రావాలి. ఉడికించిన గుడ్లు, పప్పు చాలు. నువ్వు వెళ్లినప్పుడు తలుపు తట్టకు, లోపలికి వెళ్లి కూర్చో. దుఃఖంలో ఉన్నవాళ్లు నోరు విప్పేదాకా నువ్వు మాట్లాడకూడదు. అరగంట పట్టనీ. యువ రబ్బీలు ఆ మౌనం భరించలేక ‘అంతా దేవుడి మంచికే’ అనేస్తారు. ఆ మాట నీ నోట రానీయకు. పోయినవాళ్ల పేరు పెట్టి, వాళ్లు ఎలా ఉండేవారో చెప్పమని అడుగు. మాట అదే వస్తుంది, కన్నీళ్లు కూడా వస్తాయి. రానీ.

చివరిగా తగాదాలు. చిన్న సమాజంలో తప్పవు. ప్రాచీన పండితులు హిల్లెల్, షమ్మయిల శిష్యులు మూడేళ్లు వాదించుకున్నారు. రెండు మాటలూ దేవుడివే అయినా తీర్పు మాత్రం హిల్లెల్ పక్షానికి దక్కింది. వాళ్లు మెత్తనివాళ్లు, పైగా ఎదుటివాళ్ల అభిప్రాయాన్నే ముందు చెప్పి, ఆ తర్వాత తమది చెప్పేవాళ్లు. అంత వాదంలోనూ పిల్లనిచ్చి పుచ్చుకోవడం మానలేదు. కమిటీలో ఎవరు ఎవరితో మాట్లాడటం లేదో వెళ్లిన వారంలోనే నీకు తెలిసిపోతుంది. ఎవరి పక్షమూ చేరకు. మొదటి నెలలోనే రెండు ఇళ్లలోనూ షబ్బాత్ భోజనం చెయ్యి. ఒక ఇంట్లో విన్నది రెండో ఇంట్లో చెప్పకు.

చేరగానే ఉత్తరం రాయి.

ఆశీస్సులతో,
నీ పెద్దాయన