బాబు కళ్ళు ఆర్పుతున్నాడని రాశావు కదా

అమ్మాయీ,

నీ మెసేజ్ చదివాను. బాబు మూడు నెలలుగా కళ్ళు టపటపా ఆర్పుతున్నాడని, ఈమధ్య భుజం ఎగరేయడం కూడా తోడైందని, నిద్రపోయాక మాత్రం ఏమీ కనిపించడం లేదని రాశావు. తలలో ఏదైనా గడ్డ ఉందేమోనని భయం వేస్తోందన్నావు. మావాడికి, అంటే మీ అన్నయ్యకు, చిన్నప్పుడు ఇదే వచ్చిందని నీకు తెలుసు. వాడి తర్వాత కూడా ఇదే బాధతో ఫోన్ చేసిన తల్లులు చాలామందితో మాట్లాడాను. నేను డాక్టర్ని కాను. డాక్టర్ దగ్గరికి వెళ్ళేముందు ఏం చూసుకోవాలో, వెళ్ళాక ఏం అడగాలో, ఇంట్లో ఎలా ఉండాలో మాత్రం చెప్పగలను.

ముందు కాస్త ఊపిరి పీల్చుకో. నువ్వు చెప్పినవి టిక్స్ లాగే ఉన్నాయి, అంటే కావాలని చేయకపోయినా ఉన్నట్టుండి పదేపదే వచ్చే చిన్న కదలికలు, శబ్దాలు. బడి వయసు పిల్లల్లో ఐదుగురిలో ఒకరికి దాకా ఎప్పుడో ఒకప్పుడు ఇలాంటివి కనిపిస్తాయి. సాధారణంగా 4 నుంచి 6 ఏళ్ళ మధ్య మొదలవుతాయి, 10–12 ఏళ్ళప్పుడు బాగా ఎక్కువగా ఉంటాయి, ఆ తర్వాత చాలామందిలో తగ్గుముఖం పడతాయి. ఎన్నో ఏడాది తిరక్కుండానే వాటంతట అవే పోతాయి. ఏడాది దాటి సాగితే దాన్ని దీర్ఘకాలిక టిక్స్ అంటారు. కదలికలు రకరకాలుగా ఉండి, వాటితో పాటు గొంతు సవరించుకోవడం, ముక్కు ఎగబీల్చడం లాంటి శబ్దం కనీసం ఒకటి ఉండి, ఏడాది పైబడితే టూరెట్ సిండ్రోమ్ అంటారు. ఆ పేరు వినగానే బూతులు మాట్లాడే జబ్బు అనుకుంటారు జనం. టూరెట్ ఉన్నవాళ్ళలో కూడా పదిమందిలో ఒకరిద్దరికే ఆ లక్షణం ఉంటుంది. కాబట్టి ఎవరైనా ఆ మాట అంటే కంగారుపడకు.

ఇక నీ అసలు ప్రశ్న. ఎందుకు వచ్చింది? మేం పెంచడంలో ఎక్కడైనా పొరపాటు జరిగిందా అని అడిగావు. జరగలేదు. మనం వద్దనుకున్న కదలికను ఆపి, కావాలనుకున్నదాన్ని వదిలే వలయాలు మెదడులో లోతుగా ఉంటాయి. అక్కడ ఆ ఆపే పని కొంచెం సడలుతుంది. డోపమైన్ అనే రసాయనం పాత్ర కూడా ఉంది. వంశంలో వచ్చే గుణం బలంగా ఉంటుంది, మగపిల్లల్లో మూడు నాలుగు రెట్లు ఎక్కువ. ఫ్రెంచ్ వైద్యుడు గిల్ ద లా టూరెట్ 1885లోనే తొమ్మిదిమంది రోగుల గురించి వివరంగా రాశాడు. అయినా ఆ తర్వాత చాలాకాలం ఇది మనసులో అణచుకున్న బాధ వల్ల వస్తుందని, ఇంటి వాతావరణమే కారణమని నమ్మిన డాక్టర్లు ఉన్నారు. 1960ల్లో హాలోపెరిడాల్ అనే మందుతో టిక్స్ తగ్గడం చూశాకే ఇది మెదడు పనితీరుకు సంబంధించినదన్న ఆలోచన బలపడింది. ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఎవరో ఒకరు నీతో ‘నువ్వు గట్టిగా అరుస్తావు, అందుకే పిల్లాడు ఇలా అయ్యాడు’ అంటారు. టెన్షన్, అలసట, నిద్ర చాలకపోవడం ఉన్న టిక్స్‌ని ఎక్కువ చేస్తాయి. పుట్టించవు. పండగ, ప్రయాణం లాంటి సంతోషం కూడా ఎక్కువ చేస్తుంది, అప్పుడు భయపడకు.

కారణం వెతకడం అంటే నా దృష్టిలో టిక్స్‌లా కనిపించే వేరేవాటిని పక్కకు తీసేయడం. అది ఒక్కసారి సరిగ్గా చేస్తే చాలు. కళ్ళు ఆర్పడం ఉంది కాబట్టి ముందు కంటి డాక్టర్‌కి చూపించు. దృష్టి లోపం ఉన్నా, అలర్జీతో కళ్ళు దురదపెట్టినా, పొడిబారినా పిల్లలు అలాగే ఆర్పుతారు. ముక్కు ఎగబీల్చడం మొదలైతే ముక్కు అలర్జీ ఉందేమో చూడాలి. చాలా చిన్నప్పటి నుంచే, మూడేళ్ళ లోపే, రెండు చేతులూ ఒకే లయలో ఊపుతూ ఉంటే అది సాధారణంగా టిక్ కాదు, వేరే లెక్క. కొత్తగా ఏదైనా మందు మొదలుపెట్టాక ఇది వచ్చిందా అన్నది కూడా గుర్తు చేసుకో.

టిక్‌కి కొన్ని గుర్తులున్నాయి. కాసేపు ఆపుకోగలరు. చేసేముందు లోపల ఏదో ఇబ్బందిగా అనిపిస్తుంది. ఇవాళ కళ్ళయితే వచ్చే నెల మెడ కావచ్చు. బొమ్మ గీయడంలో, ఆటలో మునిగిపోయినప్పుడు తగ్గుతుంది. నిద్రలో చాలావరకు ఉండదు. ఇవన్నీ ఉంటే మామూలు పరీక్ష చేసి డాక్టరే తేల్చగలరు. బాబు మిగతా అన్నిట్లో బాగుండి, డాక్టర్ పరీక్షలో తేడా ఏమీ లేకపోతే స్కానింగ్, ఈఈజీ (మెదడు విద్యుత్ తరంగాల పరీక్ష), రకరకాల రక్తపరీక్షలు అక్కర్లేదు. ఎవరైనా రాస్తే ‘దీంట్లో మీరు దేనికోసం చూస్తున్నారు?’ అని మర్యాదగా అడుగు. జవాబు స్పష్టంగా ఉంటే చేయించు.

అయితే ఇవి కనిపిస్తే మాత్రం ఆగొద్దు: ఆ సమయంలో పిలిస్తే పలకకుండా శూన్యంలోకి చూడటం, పడిపోవడం, ఒళ్ళంతా ఆగకుండా మెలికలు తిరిగినట్టు కదలడం, నడక మారడం, చేతిరాత ఉన్నట్టుండి పాడవడం, మాట తడబడటం, జ్వరం, తలనొప్పితో వాంతులు, వచ్చిన చదువు మర్చిపోవడం. మెడను విసురుగా తిప్పే టిక్ ఉండి చేతులు తిమ్మిరెక్కినా, బలం తగ్గినా కూడా వెంటనే చూపించాలి.

ఇంకొకటి నీ చెవిన పడే ఉంటుంది. గొంతు ఇన్ఫెక్షన్ తర్వాత రాత్రికి రాత్రే తీవ్రమైన భయాలు, చేసిందే చేయడం, టిక్స్ మొదలయ్యే పిల్లలున్నారని 1998లో వైద్యులు ఒక స్థితిని వర్ణించారు, దాన్ని పాండాస్ అంటారు. దానిమీద ఇప్పటికీ వాదనలు ఉన్నాయి. బాబుకి మెల్లగా మొదలైంది, స్వభావంలో మార్పేమీ లేదు. కాబట్టి దాని పేరు చెప్పి ఎవరైనా నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడమంటే ఒప్పుకోకు. నిజంగానే గొంతునొప్పి, జ్వరం ఉంటే పరీక్ష చేయించి వైద్యం చేయించడం వేరే విషయం.

అపాయింట్‌మెంట్‌కి వెళ్ళేముందు ఫోన్లో వీడియో తీసిపెట్టుకో. డాక్టర్ ముందు కూర్చోగానే పిల్లలు బుద్ధిగా ఉండిపోతారు, ఒక్క టిక్ కూడా రాదు, మనం చెప్పేది అతిగా అనిపిస్తుంది. అర నిమిషం చాలు. ముఖమూ భుజాలూ కలిసి కనిపించేలా, వెలుతురులో, టీవీ చూస్తున్నప్పుడో హోంవర్క్ చేస్తున్నప్పుడో తియ్యి. వాడికి ముందే చెప్పు, ‘డాక్టర్‌కి చూపించడానికి ఎప్పుడైనా తీస్తాను, సరేనా’ అని. ఎప్పుడు మొదలైంది, ఏవి వచ్చి ఏవి పోయాయి, మీ ఇద్దరి వైపు ఎవరికైనా ఉందా అన్నది ఒక కాగితం మీద రాసుకో. రోజూ లెక్కపెట్టడం మాత్రం వద్దు. నువ్వు లెక్కపెడుతున్నావని వాడికి తెలిసిపోతుంది.

ఇంట్లో చేయాల్సిన మొదటి పని, ‘ఆపు’ అనడం మానేయడం. అల్లుడుగారికి, మీ అత్తగారికి కూడా ఇదే చెప్పు. మీ అన్నయ్య తొమ్మిదేళ్ళప్పుడు నాతో అన్న మాట ఇది: “మెడ దగ్గర ఏదో నిండిపోతుందమ్మా, అలా అంటే ఖాళీ అవుతుంది.” తుమ్ము వచ్చేముందు ముక్కులో ఎలా ఉంటుందో అలాంటిదే వాడికి మెడలో. దాన్ని ఆపుకోమని రోజంతా వెనకపడితే పిల్లాడు ఆపుకుంటాడు, కానీ వాడి ధ్యాసంతా దానికే పోతుంది, పాఠం తలకెక్కదు. బడిలో ఆపుకుని ఇంటికి రాగానే ఎక్కువ చేసే పిల్లలు చాలామంది. అప్పుడు ‘టీచర్ ముందు లేనిది నా ముందెందుకు’ అనుకోకు. ఇల్లు వాడికి ధైర్యంగా ఉంది కాబట్టే వదిలేస్తున్నాడు.

వాడికీ విషయం చెప్పాలి. నీ మెదడు అప్పుడప్పుడు నువ్వు అడగని కదలికలు పంపిస్తుంది, నీ తప్పేం లేదు, చాలామందికి ఉంటుంది అని చెబితే సరిపోతుంది. టిమ్ హోవర్డ్ అనే అమెరికా ఫుట్‌బాల్ గోల్‌కీపర్‌కి టూరెట్ ఉంది, ప్రపంచకప్‌లు ఆడాడు. మీ వాడికి ఆటలంటే ఇష్టం కదా, చెప్పు.

చికిత్స సంగతికొస్తే, టిక్స్ ఉన్నంత మాత్రాన వైద్యం అక్కర్లేదు. వాడికి నొప్పి వస్తోందా, చదవడానికి రాయడానికి అడ్డుపడుతోందా, తోటి పిల్లలు ఏడిపిస్తే బాధపడుతున్నాడా? ఇవి లేకపోతే గమనిస్తూ ఊరుకోవడమే సరైన వైద్యం. చూసేవాళ్ళకి ఇబ్బందిగా ఉందని, మన టెన్షన్ తగ్గాలని పిల్లాడికి మందు వేయకూడదు. ఈ మాట మీద నేను గట్టిగా ఉంటాను.

ఇబ్బంది ఉంటే మందుకంటే ముందు బిహేవియర్ థెరపీ అడుగు. టిక్స్ కోసమే రూపొందించిన ఆ థెరపీని సీబిట్ అంటారు. 1970ల్లో మొదలైన హ్యాబిట్ రివర్సల్ అనే పద్ధతి దీనికి మూలం. 2010లో 126 మంది పిల్లల మీద చేసిన పరిశీలనలో ఈ థెరపీ తీసుకున్నవాళ్ళలో సగానికి పైగా, సుమారు 53 శాతం మంది బాగా మెరుగయ్యారు. కేవలం మాటసాయం, అవగాహన పొందిన వాళ్ళలో 19 శాతమే. పది వారాల్లో ఎనిమిది సెషన్లు. టిక్ రాబోతున్న సూచనను పిల్లాడు పసిగట్టడం నేర్చుకుంటాడు. ఆ క్షణంలో టిక్‌కి అడ్డుపడే ఇంకో పని చేస్తాడు. భుజం ఎగరేసే వాడైతే మోచేతులు పక్కటెముకలకు మెత్తగా ఆనించి, భుజాలు కిందికి దించి, ఆ తహతహ తగ్గేదాకా, ఒక నిమిషం పాటు అలాగే ఉంటాడు. పక్కన కూర్చున్నవాళ్ళకి తెలియను కూడా తెలియదు. ఏ సమయంలో, ఎవరి ముందు ఎక్కువవుతోందో చూసి ఆ పరిస్థితులను మార్చడం కూడా ఇందులో భాగమే. ఇది నేర్చిన సైకాలజిస్టులు అన్నిచోట్లా దొరకరు, ఆన్‌లైన్లో చేసినా పనిచేస్తుంది. మరీ చిన్నపిల్లలకు ఆ ముందస్తు సూచన తెలియదు, అప్పుడు కొన్నాళ్ళు ఆగవచ్చు.

మందులు అవసరమైన పిల్లలు ఉంటారు, దాంట్లో తప్పు లేదు. క్లోనిడిన్, గ్వాన్‌ఫసిన్ లాంటివి ముందుగా ఆలోచిస్తారు, ఏకాగ్రత సమస్య కూడా ఉంటే మరీ. మగత, బీపీ తగ్గడం ఉంటాయి. వీటిని ఉన్నట్టుండి ఆపేస్తే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది, డాక్టర్ చెప్పినట్టు మెల్లగానే తగ్గించాలి. అరిపిప్రజోల్, రిస్పెరిడోన్ లాంటివి ఇంకా గట్టిగా పనిచేస్తాయి, కానీ ఆకలి, బరువు పెరగవచ్చు, షుగర్ కూడా చూస్తుండాలి. మొదలుపెట్టేముందు బరువు ఎంతుందో రాసి పెట్టమని అడుగు. ఏ మందైనా టిక్స్‌ని పూర్తిగా మాయం చేయదు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, ఎప్పుడు ఆపి చూస్తారో కూడా మొదటి రోజే అడుగు.

చాలామంది మోసపోయేది ఇక్కడే. టిక్స్ వాటంతట అవే పెరుగుతాయి, తగ్గుతాయి. మనం ఎప్పుడు పరిగెడతాం? బాగా పెరిగినప్పుడు. ఆ సమయంలో ఏం వేసినా కొన్ని వారాలకు తగ్గుతాయి, పేరు ఆ పొడికో ఆ చుక్కలకో వస్తుంది. మెగ్నీషియం, బి6, ఏవేవో మానేసే డైట్లు, వీటికి గట్టి రుజువు లేదు. రక్తపరీక్షలో నిజంగా లోపం ఉంటే అది సరిచేయాలి, అంతవరకే. లేబుల్ లేని మందు ఏదీ పిల్లాడి నోట్లో వేయొద్దు.

టిక్స్‌తో పాటు ఏకాగ్రత లేకపోవడం, అతిచురుకుదనం, చేసిందే చేయాలనిపించడం, ఆందోళన ఉన్నాయేమో తప్పక అడిగించు. టూరెట్ ఉన్న పిల్లల్లో ఎక్కువమందికి వీటిలో ఏదో ఒకటి ఉంటుంది, చాలాసార్లు వాళ్ళను నిజంగా ఇబ్బంది పెట్టేది అదే. ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతిచురుకుదనం) మందులు టిక్స్‌ని పెంచుతాయని భయపడి పిల్లలకు వైద్యం ఆపేసేవాళ్ళున్నారు. చాలామంది పిల్లల్లో అవి పెంచవని పరిశోధనలు చూపించాయి.

క్లాస్ టీచర్‌ని విడిగా కలువు. పేరుపెట్టి పిలిచి ‘సరిగా కూర్చో’ అనొద్దని, అవసరమైతే మధ్యలో ఒకసారి బయటికి వెళ్ళి రానివ్వమని, పరీక్షలో ఇబ్బందైతే కాస్త ఎక్కువ సమయం ఇవ్వమని చెప్పు. వాడి కుర్చీ పక్కవైపు ఉంటే మంచిది, వెనక అందరూ చూస్తున్నారన్న భావన ఉండదు. ఎవరైనా వెక్కిరిస్తున్నారా అని బాబుని మెల్లగా కనుక్కో.

ఈ వారం కంటి డాక్టర్‌కీ పిల్లల డాక్టర్‌కీ అపాయింట్‌మెంట్ తీసుకో. రాత్రి ఒక అరగంట ముందే పడుకోబెట్టు. డేట్ దొరకగానే నాకు ఫోన్ చెయ్యి, అడగాల్సిన ప్రశ్నలు కలిసి రాసుకుందాం. అల్లుడుగారిని కూడా లైన్లో ఉండమను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ