కేస్ షీటులో ‘ఆరేళ్ల నొప్పి’ అని రాసినంత మాత్రాన క్లెయిము పోదు

ప్రశ్న: మాది గుంటూరు. ప్రైవేటు పాఠశాలలో టీచరుగా పనిచేస్తున్నాను. మా వారికి 46 ఏళ్లు, ఎరువుల దుకాణం నడుపుతారు. 2020 జూన్‌లో నా పేరున, మా నలుగురికీ కలిపి 3 లక్షల ఆరోగ్య బీమా తీసుకున్నాను. 2023లో 5 లక్షలకు పెంచాం. ఒక ఏడాది ప్రీమియం 12 రోజులు ఆలస్యంగా కట్టాం. 2025 ఆగస్టు మొదట్లో బస్తా ఎత్తుతుండగా మా వారికి నడుము పట్టేసి, ఎడమ కాలిలోకి నొప్పి దిగింది. నడుములోని ఎల్4–ఎల్5 వెన్నుపూసల మధ్య డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని ఎమ్మారైలో తేలింది. ఆరు వారాలు మందులు, ఫిజియోథెరపీ తీసుకున్నా తగ్గలేదు. పాదం కూడా బలహీనపడటంతో సెప్టెంబరు చివర్లో విజయవాడలో ఆపరేషన్ చేయించాం. బీమా కంపెనీ నగదు రహిత చికిత్సకు ఒప్పుకోలేదు. నగలు తాకట్టు పెట్టి 2,85,000 రూపాయలు కట్టాం. తర్వాత క్లెయిము పెడితే నవంబరు 14న తిరస్కరించారు. ఆరేళ్లుగా నడుము నొప్పి ఉందని కేస్ షీటులో ఉందట, దాన్ని దాచి పాలసీ తీసుకున్నామట, ఎమ్మారైలో డిస్కుల అరుగుదల కనబడుతోందట. ఇకపై పాలసీని పునరుద్ధరించబోమనీ రాశారు. ఇప్పుడు ఆయనకు మళ్లీ కాలు లాగుతోంది. వెన్నులో ఇంజెక్షన్ వేయాల్సి రావచ్చని డాక్టరు అంటున్నారు. మా డబ్బు వస్తుందా? ఇక ముందు ఖర్చుకు దారేమిటి?
– ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు పంపిన కాగితాలన్నీ చదివాను. మీ క్లెయిము బలమైనది. ఆ తిరస్కరణ లేఖ చూసి వెనక్కి తగ్గవద్దు.

ముందు పాలసీ వయసు చూద్దాం. ఆరోగ్య బీమాలో మారటోరియం అనే నిబంధన ఉంది. పాలసీ వరుసగా 60 నెలలు నడిచాక, ‘మీరు ఫలానా విషయం చెప్పలేదు’, ‘తప్పుగా చెప్పారు’ అనే కారణాలతో కంపెనీ ఆ పాలసీనిగానీ క్లెయిమునుగానీ ప్రశ్నించడానికి వీల్లేదు. మోసం జరిగిందని రుజువైతేనే మినహాయింపు. అంతకుముందు ఈ గడువు 8 ఏళ్లు ఉండేది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో దాన్ని 5 ఏళ్లకు తగ్గించింది. మీ పాలసీకి 2025 జూన్‌తో 60 నెలలు నిండాయి, ఆపరేషన్ జరిగింది సెప్టెంబరులో. 12 రోజుల ఆలస్యం గురించి భయపడకండి. ఏడాదికోసారి ప్రీమియం కట్టే పాలసీలకు 30 రోజుల అదనపు గడువు ఉంటుంది. ఆ లోపు కడితే కొనసాగింపు తెగదు.

ఒక్క మెలిక ఉంది. ఈ రక్షణ మీరు మొదట తీసుకున్న 3 లక్షలకే వర్తిస్తుంది. 2023లో పెంచిన 2 లక్షలకు 60 నెలల లెక్క అప్పటి నుంచి మొదలవుతుంది. మీ బిల్లు 2,85,000 కాబట్టి మొదటి 3 లక్షల్లోనే ఇమిడిపోతుంది. గది అద్దె పరిమితి, చేతి తొడుగుల వంటి వాటి కింద కొంత కోత పడవచ్చు. అది ఎంత న్యాయమో తర్వాత చూసుకోవచ్చు. మొత్తం క్లెయిమునే కొట్టేయడం మాత్రం అన్యాయం.

ఇక ‘ముందస్తు వ్యాధి’ అనే మాట. పాలసీ మొదలవడానికి ముందు 36 నెలల్లో వైద్యుడు నిర్ధారించిన జబ్బు, లేదా వైద్యుడు సలహాగానీ చికిత్సగానీ ఇచ్చిన జబ్బు మాత్రమే ఈ నిర్వచనం కిందికి వస్తుంది. ఎప్పుడో నడుము పట్టేయడం, బామ్ రాసుకుని పనిలోకి దిగడం ఇందులోకి రావు. ఎరువుల బస్తాల మధ్య బతికే మనిషికి నడుము నొప్పి రాని సంవత్సరం ఉంటుందా?

మీరు పంపిన కేస్ షీటు మొదటి పుటలో, ఆసుపత్రిలో చేరిన రాత్రి డ్యూటీ డాక్టరు గొలుసుకట్టు రాతలో రాసిన ఒక్క వరుస ఉంది: ‘ఎల్‌బీపీ, 6 ఇయర్స్’, అంటే ఆరేళ్లుగా నడుము నొప్పి అని. దాని కింద గతంలో ఎక్కడ చూపించుకున్నారో లేదు, ఏ మందు వాడారో లేదు, పాత ఎక్స్‌రే ప్రస్తావన లేదు. నొప్పితో మెలికలు తిరుగుతున్న మనిషిని ‘ఎప్పటి నుంచి?’ అని అడిగితే వచ్చిన జవాబు అది. కంపెనీ వాదన మొత్తం ఆ ఒక్క వరుస మీద నిలబడి ఉంది. వ్యాధి ముందే ఉందని, దాన్ని తెలిసే దాచారని రుజువు చేయాల్సింది కంపెనీయే. ఇలా రాసుకున్న పూర్వ చరిత్ర ఒక్కటే సరిపోదని, రాసిన వైద్యుడి వాంగ్మూలమో పాత చికిత్స పత్రాలో చూపాలని వినియోగదారుల కమిషన్లు చాలా కేసుల్లో అన్నాయి. ఎమ్మారైలో కనబడిన అరుగుదల సంగతి కూడా అంతే. నలభై దాటినవారిలో ఏ నొప్పీ లేకపోయినా డిస్కుల అరుగుదల కనబడటం మామూలు. ఆ ఎమ్మారై 2025లో తీసింది. 2020లో మీ వారికి ఆ సంగతి తెలుసని అది చెప్పదు.

ఇక్కడ ఒక పని తప్పక చేయండి. 2017 నుంచి 2020 వరకు ఎక్కడైనా నడుముకు చూపించుకున్న చీటీ ఉందేమో ఇల్లంతా వెతకండి. ఉంటే దాచవద్దు. ఉన్నా 60 నెలల రక్షణ మీకు ఉంటుంది. పైగా ముందస్తు వ్యాధికి నిరీక్షణ కాలం, అంటే ఆ జబ్బుకు డబ్బు ఇవ్వకుండా ఆగే కాలం, ఇప్పుడు గరిష్ఠంగా 36 నెలలే, పాత నిబంధనల ప్రకారం చూసినా 48 నెలలే. రెండూ ఎప్పుడో దాటిపోయాయి. అంతకంటే ముఖ్యమైనది, కేస్ షీటులో ‘6 ఇయర్స్’ను ‘6 వారాలు’గా దిద్దించుకు రమ్మని ఎవరైనా సలహా ఇస్తే వినకండి. అప్పుడు కంపెనీకి నిజంగానే మోసం అనే ఆయుధం దొరుకుతుంది. దానికి బదులు, డిస్క్ జారినట్లు మొదటిసారి 2025 ఆగస్టులోనే తేలిందని, పాత చికిత్స రికార్డులేవీ తన వద్దకు రాలేదని ఆపరేషన్ చేసిన డాక్టరు చేత ధ్రువపత్రం రాయించుకోండి. అది నిజమైతేనే సుమా. పూర్తి కేస్ షీటు నకలు రాతపూర్వకంగా అడగండి. వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం 72 గంటల్లో ఇవ్వాలి.

బీమా కంపెనీ న్యాయవాది 2009 నాటి సత్వంత్ కౌర్ సంధు తీర్పును తప్పక తెస్తారు. కిడ్నీ జబ్బు, మధుమేహం దాచి మెడిక్లెయిమ్ తీసుకున్న ఆ కేసులో సుప్రీంకోర్టు బీమా కంపెనీ వైపే తీర్పు ఇచ్చింది. కానీ అక్కడి రోగికి జబ్బు నిర్ధారణ అయింది, దానికి చికిత్సా సాగుతోంది. మీ కథ అది కాదు. వెన్నుకు సంబంధించి మనకు పనికొచ్చేది 2015లో వచ్చిన సులభా ప్రకాశ్ మోతేగావ్‌కర్ తీర్పు. నడుము వెన్నుపూస జబ్బు, సయాటికా (నడుము నుంచి కాలిలోకి దిగే నరం నొప్పి) ఉన్న సంగతి చెప్పలేదని ఎల్‌ఐసీ క్లెయిము నిరాకరించగా, పాలసీదారు మరణం గుండెజబ్బు వల్ల జరిగింది కాబట్టి ఆ కారణం చెల్లదని సుప్రీంకోర్టు డబ్బు ఇప్పించింది. అది జీవిత బీమా కేసు, మీకు అచ్చంగా సరిపోదు. అయినా నడుము నొప్పి చెప్పకపోవడాన్ని ప్రతిసారీ మహాపరాధంగా చూడరనడానికి ఉపయోగపడుతుంది.

ఇప్పుడు చేయాల్సింది. మొదట కంపెనీ ఫిర్యాదుల పరిష్కార అధికారికి లేఖ రాయండి. పాలసీ మొదలైన తేదీ, 60 నెలలు నిండిన తేదీ, ఆపరేషన్ తేదీ మూడూ ఒకే వాక్యంలో పెట్టండి. ఏ షరతు కింద తిరస్కరించారో, కంపెనీ క్లెయిముల సమీక్షా కమిటీ దీన్ని ఆమోదించిందో లేదో చెప్పమని అడగండి. 2024 నిబంధనల ప్రకారం ఆ కమిటీ ఆమోదం లేకుండా క్లెయిము తిరస్కరించకూడదు. మీకు వచ్చిన లేఖలో ఆ ఊసే లేదు. ఇదే ఫిర్యాదును ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్‌లోనూ నమోదు చేయండి. 155255కి ఫోను చేసినా తీసుకుంటారు.

నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తీర్పు చెప్పే అధికారి) దగ్గరికి వెళ్లండి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆ కార్యాలయం హైదరాబాదులో ఉంది. పైసా ఫీజు లేదు. 50 లక్షల వరకు విచారిస్తారు. అక్కడ మీ తరఫున న్యాయవాది వాదించడానికి వీల్లేదు, మీరే చెప్పుకోవాలి. రోజూ పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పే మీకు అది కష్టం కాదు. గడువు ఏడాది. అనుమానానికి తావు లేకుండా నవంబరు 14 నుంచే లెక్కపెట్టుకోండి. అక్కడి తీర్పు కంపెనీకి కట్టుబాటు, మీకు కాదు. నచ్చకపోతే గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. దానికి గడువు రెండేళ్లు. అయితే కమిషన్‌లో కేసు వేశాక అంబుడ్స్‌మన్ మీ ఫిర్యాదు తీసుకోరు. అందుకే ముందు అంబుడ్స్‌మన్ అంటున్నాను.

తాకట్టు రసీదులు, కట్టిన వడ్డీ చీటీలు జాగ్రత్త చేయండి. కమిషన్ వరకు వెళితే మనోవేదనకు, ఖర్చులకు పరిహారం అడగడానికి అవి పనికొస్తాయి. అంబుడ్స్‌మన్ మనోవేదనకు పరిహారం ఇవ్వరు. ఆలస్యమైన క్లెయిముకు బ్యాంకు రేటు మీద 2 శాతం ఎక్కువ వడ్డీ అడిగే హక్కు రెండుచోట్లా ఉంది. కమిషన్‌కు వెళ్లాల్సి వస్తే లాయరు ఫీజు గురించి ఆలోచించకండి. పాలసీ మీ పేరున ఉంది. న్యాయ సేవల ప్రాధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ కింద మహిళలకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. గుంటూరు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థలో అడగండి, లేదా 15100కు ఫోను చేయండి.

పునరుద్ధరణ మాటకు వస్తే, జూన్ గడువుకు ముందే ఆన్‌లైన్‌లో ప్రీమియం కట్టే ప్రయత్నం చేయండి. తీసుకోకపోతే ఆ తెరను ఫొటో తీసి, డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నామని ఈమెయిల్ పెట్టండి. అంబుడ్స్‌మన్‌కు రాసే ఫిర్యాదులో పాలసీ కొనసాగించమనే కోరిక కూడా విడిగా రాయండి. ఈ వయసులో, ఆపరేషన్ అయిన వెన్నుతో కొత్త పాలసీకి వెళితే నిరీక్షణ కాలాలన్నీ మొదటికొస్తాయి.

ఇంజెక్షన్ ఖర్చు సంగతి. నొప్పి తగ్గే వరకు విశ్రాంతికనో, పరీక్షలకనో ఆసుపత్రిలో చేరితే పాలసీలు సాధారణంగా డబ్బు ఇవ్వవు. డే కేర్ చికిత్సగా (చేరిన రోజే ఇంటికి పంపే చికిత్స) ఇంజెక్షన్ వేయించుకుంటే, ఎందుకు అవసరమో డాక్టరు రాసి ఇవ్వాలి. ఫిజియోథెరపీ బిల్లులు, హాజరు కార్డు దాచుకోండి. ‘మందులతో ప్రయత్నించకుండానే ఇంజెక్షన్‌కు వెళ్లారు’ అనే ప్రశ్నకు అవే జవాబు. డిశ్చార్జి తర్వాత ఎన్ని రోజుల మందులు, ఫిజియోథెరపీ ఖర్చు ఇస్తారో మీ పాలసీలో చూసి, ఆ బిల్లులు కూడా ఇదే క్లెయిములో చేర్చండి. మళ్లీ ఆపరేషన్ అవసరమైతే, మీకు అర్హత ఉంటే ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. కానీ ఆ పథకం నెట్‌వర్క్ ఆసుపత్రిలో చేరేటప్పుడే అక్కడి పథకం సిబ్బంది దగ్గర నమోదు చేయించుకోవాలి. సొంత డబ్బు కట్టి వచ్చాక తిరిగి ఇవ్వరు.

చివరిగా ఒక మాట, ఇది డాక్టరు కూడా చెప్పే ఉంటారు. మూత్రం రాకుండా ఆగిపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, రెండు కాళ్లూ ఒక్కసారిగా బలహీనపడినా కంపెనీ అనుమతి కోసం ఒక్క గంట కూడా ఆగకండి. దగ్గరలో న్యూరోసర్జన్ ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. చేరిన 24 గంటల్లోపు కంపెనీకి ఈమెయిల్ పెట్టండి. క్లెయిము తర్వాత వేసుకోవచ్చు.