పెళ్లికొడుకు పెట్టిన లాయర్ ఉన్నా సరే, అమ్మాయి విడిగా ఇంకో లాయర్‌ని ఒకసారి అడగాలి

"మా చెల్లికి అమెరికా సిటిజన్‌తో పెళ్లయింది. గ్రీన్ కార్డు పనికి లాయర్ కావాలా, అమీర్‌పేట కన్సల్టెన్సీ చాలదా?" అని అడిగారు. కన్సల్టెన్సీ వద్దే వద్దు. లాయర్ కావాలా అన్నది మీ చెల్లి పాత కాగితాల్లో ఏముందో దాన్ని బట్టి ఉంటుంది. అయితే అబ్బాయి వైపు లాయర్ ఉన్నాడు కదా అని మాత్రం ఊరుకోకండి. ఎందుకో చెప్తాను.

నేను టెక్సస్‌లో ఉంటాను. మా చెల్లి పెళ్లి తెనాలిలో జరిగింది. అబ్బాయి అమెరికాలోనే పుట్టి పెరిగాడు, మంచివాడే. పెళ్లి కాగానే ఐ-130 (భార్య గ్రీన్ కార్డు కోసం భర్త వేసే దరఖాస్తు) వేయడానికి వాళ్లకి తెలిసిన లాయర్‌నే పెట్టుకున్నారు. "ఆ టెన్షన్లన్నీ మీకెందుకు లెండి బావగారూ, మావాడి లాయర్ చూసుకుంటాడు" అన్నారు వియ్యంకుడు గారు. మా నాన్న సంతోషంగా తలూపేశారు.

మొదటి వీడియో కాల్‌లో నేనూ ఉన్నాను. లాయర్ ప్రశ్నలు అమ్మాయినే అడుగుతున్నాడు, జవాబులు మాత్రం అబ్బాయి చెప్తున్నాడు. పక్కనే వాళ్ల నాన్నగారు. "ఇంతకు ముందు అమెరికా వీసాకి అప్లై చేశారా? రిజెక్ట్ అయిందా?" అన్నాడు లాయర్. "లేదు, లేదు" అనేశాడు మా మరిది. అతనికి తెలియదు పాపం. చెల్లి ఫోన్ మ్యూట్‌లో ఉంది. మ్యూట్ తీయలేదు, తల వంచుకుని చేతి గాజులు వెనక్కీ ముందుకీ జరుపుకుంటూ కూర్చుంది. నేను కల్పించుకునేలోపు లాయర్ తర్వాతి ప్రశ్నకి వెళ్లిపోయాడు.

బీటెక్ అయ్యాక చెల్లి ఎఫ్-1కి, అంటే స్టూడెంట్ వీసాకి వెళ్తే రాలేదు. ఆ మాట పెళ్లిచూపుల్లో ఎవరూ ఎత్తలేదు. కాల్ అయిన పావుగంటకి నాకు ఫోన్ చేసింది. "అక్కా, రిజెక్ట్ అవడం ఒక్కటే కాదే. అప్పుడు ఫారంలో నువ్వు అమెరికాలో లేవని పెట్టారు" అంది. అక్క అక్కడ ఉందంటే వీసా ఇవ్వరని కన్సల్టెన్సీ వాళ్లే డీఎస్-160 అనే వీసా ఫారంలో, అమెరికాలో తోబుట్టువులు లేరని పెట్టేశారట! నేను అప్పటికే ఇక్కడ ఉద్యోగంలో ఉన్నాను. ఇంటర్వ్యూకి వెళ్లే ముందు రోజు ప్రింట్ చేతిలో పెడితే అప్పుడు చూసిందట ఇది.

ఈ కన్సల్టెన్సీల గురించి ఎంత తిట్టినా తనివి తీరదు. ఫారంలో ఈమెయిల్ వాళ్లదే, ఫోన్ నంబరూ వాళ్లదే. ఈ ఫారం నింపడానికి ఎవరైనా సాయం చేశారా అని ఆ ఫారంలోనే ఒక ప్రశ్న ఉంటుంది, దానికి కూడా "నో" అని వాళ్లే పెడతారు. చివర ఎలక్ట్రానిక్ సంతకం మాత్రం మన పిల్లది.

ఏ ఆడపిల్లయినా కొత్త అత్తింటివాళ్లు వింటుండగా ఇలాంటి సంగతి చెప్తుందా? చెప్పదు. అందుకే నేను వేరే లాయర్‌ని చూశాను. ఇమ్మిగ్రేషన్ దేశమంతటికీ ఒకటే ఉండే ఫెడరల్ చట్టం కాబట్టి అమెరికాలో ఏ రాష్ట్రంలో లైసెన్సు ఉన్న లాయరైనా చూడొచ్చు. ఆ లైసెన్సు నిజమో కాదో ఆ రాష్ట్రపు బార్ (లాయర్ల నమోదు సంస్థ) వెబ్‌సైట్‌లో పేరు కొడితే తెలిసిపోతుంది. గంటకి 200 డాలర్లు తీసుకుంది ఆవిడ. కాల్ కలవగానే "మీ పక్కన ఇంకెవరైనా ఉన్నారా?" అని అడిగింది. అక్కని, నేనే డబ్బు కట్టాను అన్నాను. "అయినా సరే, మీరు పెట్టేయండి" అంది! మూడో మనిషి వింటే లాయర్‌కీ క్లయింట్‌కీ మధ్య ఉండాల్సిన రహస్యం నిలవకపోవచ్చట. ఒళ్లు మండింది గానీ పెట్టేశాను.

ఆవిడ ఏం చెప్పిందో తర్వాత చెల్లి నాకు చెప్పింది. ఎఫ్-1 రాకపోవడం ఈ వీసాకి అడ్డే కాదు. అసలైన అపాయం అబద్ధం. ముఖ్యమైన విషయంలో తెలిసి తెలిసి అబద్ధమాడారని తేలితే ఇమ్మిగ్రేషన్ చట్టం సెక్షన్ 212(ఎ)(6)(సి) కింద జీవితాంతం నిషేధం పడుతుంది, ఆపైన ఐ-601 అనే మినహాయింపు దరఖాస్తు వేసి భర్తకి తీరని కష్టం కలుగుతుందని నిరూపించుకోవాలి. అక్క ఉందన్న సంగతి దాచడం అంత దూరం వెళ్లకపోవచ్చు, ఇప్పుడు మళ్లీ దాస్తే మాత్రం వెళ్తుంది అంది. జరిగింది జరిగినట్టు రాసి పెట్టుకో, ముందు మీ ఆయనకి నువ్వే చెప్పు అంది. చెప్పింది. "ఇంతేనా, ఇంకేదో అనుకుని భయపడ్డాను" అన్నాడట. డీఎస్-260 (గ్రీన్ కార్డు మీద వెళ్లేవాళ్లు నింపే వీసా ఫారం)లో రిజెక్షన్ దగ్గర "అవును" అనే పెట్టారు. ముంబయి కాన్సులేట్‌లో ఆఫీసర్ పాత ఫారం సంగతి అడగనే అడిగారు. ఉన్నది చెప్పింది. వీసా వచ్చింది.

అబ్బాయి పెట్టిన లాయర్ చెడ్డవాడని కాదు. ఆయన ఇద్దరికీ లాయర్. ఒకరు చెప్పింది రెండోవారి దగ్గర దాచడు. రేపు ఇద్దరికీ పడకపోతే సాధారణంగా కేసు వదులుకుంటాడు. పెళ్లయి రెండేళ్లు నిండకుండా వెళ్తే వచ్చేది రెండేళ్ల గ్రీన్ కార్డే. అది ముగిసే ముందు 90 రోజుల్లో ఆ రెండేళ్ల షరతు తీసేయమని ఇద్దరూ కలిసి ఐ-751 వేయాలి. విడాకులైతే ఒంటరిగా కూడా వేసుకునే దారి ఉంది. హింస ఉన్నా భర్త సంతకం లేకుండా అలాగే వేసుకోవచ్చు. అమ్మాయి పోషణకి నాదీ పూచీ అని అబ్బాయి పెట్టే ఐ-864 హామీ విడాకులతో రద్దవదు. ఇవన్నీ మీ చెల్లికి ఎవరు చెప్తారు, వియ్యంకుడు గారు చెప్తారా? డ్రోన్ షూటింగ్‌కి లక్షలు పోస్తాం, అమ్మాయికి ఒక గంట లాయర్ అంటే మాత్రం దండగ ఖర్చు.

షూటింగ్ అంటే గుర్తొచ్చింది. మావాళ్లు ఆల్బమ్ మొత్తం స్కాన్ చేసి పంపారు. జీలకర్ర బెల్లం ఫోటో చూసి మా మరిది లాయర్ "మధ్యలో ఈ గుడ్డ ఎందుకు పట్టుకున్నారు?" అని అడిగాడు. కొన్ని ఫోటోలు చాలు, పెళ్లి తర్వాత కలిసి తిరిగిన టికెట్లు, పంపిన డబ్బు, మాట్లాడుకున్న కాల్స్ కావాలి అన్నాడు. నిజమైన కాపురం అని చూపించేవి అవేనట.

మీ సంగతికి వస్తాను. అమెరికా ఇమ్మిగ్రేషన్‌లో చట్టపరమైన సలహా ఇవ్వగలిగేది లాయర్, లేకపోతే అక్కడి న్యాయశాఖ గుర్తింపు ఉన్న ప్రతినిధి మాత్రమే. మీ కన్సల్టెన్సీ వాళ్లని "జి-28 మీద సంతకం ఎవరు పెడతారు?" అని అడగండి, ఈ కేసుకి లాయర్‌ని నేనే అని చెప్పే ఫారం అది. నీళ్లు నమిలితే లేచి వచ్చేయండి. విజిటర్ వీసా మీద పంపిస్తాం, అక్కడికి వెళ్లాక ఫైల్ చేసుకోవచ్చు అంటే కూర్చోకుండానే వచ్చేయండి, కాపురానికి వెళ్తూ చుట్టపుచూపుకని చెప్పడం కూడా అబద్ధమే. మీ చెల్లికి పాత వీసా గొడవలు, మొదటి పెళ్లి, పోలీసు కేసులు ఏవీ లేకపోతే, అబ్బాయి ఆదాయం పేదరిక రేఖకి 125 శాతం దాటితే, ఐ-130 ఆన్‌లైన్లో మీ బావగారే వేసుకోవచ్చు. ఫీజు 2024 ఏప్రిల్ నుంచి 625 డాలర్లు. పుట్టిన సర్టిఫికెట్‌లో, టెన్త్ మెమోలో, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఒకేలా ఉందో లేదో ఇప్పుడే చూసుకోండి. మనవాళ్లకి ఒకచోట ఇనీషియల్, ఒకచోట పూర్తి పేరు, ఒకచోట అసలే ఉండదు.

ఒకవేళ స్టూడెంట్ వీసాకి ఎప్పుడైనా వెళ్లి ఉంటే పాత డీఎస్-160 కన్ఫర్మేషన్ పేజీ వెతికించండి. దాని మీద ఏఏతో మొదలయ్యే నంబరు ఉంటుంది. అది తీసుకుని మీ చెల్లిని ఒక్కదాన్నే లాయర్‌తో మాట్లాడనివ్వండి. మీరు కూడా గదిలో ఉండొద్దు.