పెరుగుతున్న కార్యాలయానికి బ్రాడ్‌బ్యాండ్ చాలునా, లీజ్డ్ లైన్ కావాలా?

పది మంది ఉద్యోగులు నలభై మందైతే ఏ లైను తీసుకోవాలన్నది ప్రశ్న. ప్రకటనలోని వేగం కన్నా, తెగిన లైనును ఎన్ని గంటల్లో బాగుచేస్తారో ఒప్పందంలో రాసి ఇస్తారా అన్నది ముందు చూడాలి. లీజ్డ్ లైనుకు, అంటే ఒక్క సంస్థకే ప్రత్యేకంగా కేటాయించే ఇంటర్నెట్ లైనుకు, ఎక్కువ డబ్బు చెల్లించేది ఆ హామీకీ, అప్‌లోడ్, డౌన్‌లోడ్‌లకు సమానంగా దక్కే వేగానికీ. ఇంటర్నెట్ ఫోన్ కాల్‌కు ఒక్కో దిశలో సెకనుకు సుమారు 100 కిలోబిట్లు చాలు కాబట్టి, ఇరవై కాల్స్ ఒకేసారి నడిచినా 2 మెగాబిట్లు సరిపోతాయి. మాట ముక్కలవుతోందంటే, చాలాసార్లు అదే లైనుపై ఏదో పెద్ద బ్యాకప్ సాగుతూ ఉంటుంది. రౌటర్‌లో కాల్స్‌కు ప్రాధాన్యం ఇస్తే ఆ చిక్కు చాలావరకు తీరుతుంది.

సొంత సర్వర్లు నడపని సంస్థకు వేర్వేరు కంపెనీల బ్రాడ్‌బ్యాండ్ లైన్లు రెండు చాలునని నా అభిప్రాయం, అయితే రెండూ ఒకే స్తంభం మీదుగా వస్తే ప్రయోజనం లేదు. కార్యాలయం లోపలి కేబుల్ దగ్గర మాత్రం పొదుపు తగదు: క్యాట్ 6 రకం నెట్‌వర్క్ కేబుల్ వేయించి, స్విచ్ (కంప్యూటర్లన్నిటినీ నెట్‌వర్క్‌కు కలిపే పెట్టె) నుంచి కంప్యూటర్ వరకు 100 మీటర్లు దాటకుండా చూసుకోవాలి.