నీ కొడుకు స్నేహితుల వయసు గురించి

చిరంజీవి అమ్మాయికి పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం నిన్న అందింది. పద్నాలుగేళ్ల పిల్లవాడు తోటివాళ్లను వదిలి, సాయంత్రం కాగానే మూడో అంతస్తులో ఉన్న రిటైర్డ్ రైల్వే గార్డు గారింటికి వెళ్లి కూర్చుంటున్నాడనీ, అక్కడ లేకపోతే ఆరేడేళ్ల పిల్లలతో ఇసుకలో ఆడుతుంటాడనీ, ఈ అలవాటు మాన్పించడం ఎలాగో చెప్పమనీ రాశావు. మాన్పించవద్దు. నీ కొడుకులాగే ఆటిజం ఉన్న నా కొడుకును ముప్ఫై నాలుగేళ్లుగా పెంచుకుంటూ వస్తున్నాను కనుక ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఒకే ఈడు పిల్లల కబుర్లలో సగం మాటలు పైకి రావు. కనుసైగలు, వెక్కిరింతలు, ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో ఎవరూ చెప్పకుండానే కుదిరిపోయే లెక్కలు, ఇవన్నీ మన పిల్లలు అర్థం చేసుకునేలోపే మారిపోతాయి. వయసులో పెద్దవారు అలా తొందరపడరు; పిల్లవాడు మాట మధ్యలో ఆగితే తామూ ఆగుతారు, చెప్పిందే మళ్లీ చెప్పినా వింటారు. చిన్నపిల్లలైతే ఆట మొదలుపెట్టే ముందే ‘నువ్వు దొంగ, నేను పోలీసు’ అని నియమం పైకి చెప్పేస్తారు. బ్రిటన్‌లో డేమియన్ మిల్టన్ అనే పరిశోధకుడు, ఆయనకూ ఆటిజం ఉంది, 2012లో ఒక సంగతి వివరించారు: ఆటిజం ఉన్నవారికి ఇతరులు అర్థం కానట్టే ఇతరులకు వారూ అర్థం కారు, లోపం ఒక్క వైపుదే కాదు అని. అది చదివాక మా వాడిని తోటి పిల్లల మధ్యకు తోసిన ఏళ్లు తలచుకుని నేను చాలా బాధపడ్డాను.

మా వాడికి పదమూడో ఏట మా వీధిలో రేడియోలు బాగుచేసే ఒక ముసలాయన స్నేహితుడయ్యాడు. ఒకసారి నేను గుమ్మం బయట నిలబడి చూశాను. గంటసేపు ఇద్దరూ ఒక్క మాటైనా అనుకోలేదు. ఆయన రేడియో మీద నుంచి తల ఎత్తకుండా కుడిచేయి చాచేవారు. వీడు పెట్టెలో నుంచి ఆ మరకు సరిపోయే స్క్రూడ్రైవరు తీసి ఆ చేతిలో పెట్టేవాడు. మూడుసార్లు చాచారు, మూడుసార్లూ సరైనదే పెట్టాడు. బడిలో ఎవరితోనూ కలవడని టీచర్లు చెప్పిన పిల్లవాడు ఇతడే. అమెరికాలో 1947లో పుట్టిన, ఆటిజం ఉన్న టెంపుల్ గ్రాండిన్ కూడా తనను నిలబెట్టినవారిలో తన సైన్సు మాస్టారిని ఎప్పుడూ తలుచుకుంటారు. ఆవిడ పశువుల శాలల రూపకల్పనలో పేరు పొంది, విశ్వవిద్యాలయంలో ఆచార్యులయ్యారు. అయితే ఒక్కటి గుర్తుంచుకో, గార్డు గారిని నీ పిల్లవాడికి మాటలు నేర్పే మాస్టారుగా మార్చకు. వారిద్దరూ రైళ్ల గురించి మాట్లాడుకుంటే మాట్లాడుకోనీ.

ఇక జాగ్రత్తలు. మన భాషలో ముక్కూమొహం తెలియని వారినైనా వరస పెట్టి పిలుస్తాం. మాటను మాటగానే పట్టుకునే పిల్లవాడికి ‘బాబాయ్’ అంటే సొంత బాబాయే, ఆయన ఏం చెప్పినా వినాలి. అందుకని వరస వేరు, నమ్మకం వేరు అని విడమరిచి చెప్పు. తలుపు తెరిచి ఉండాలి. ‘అమ్మకు చెప్పకు’ అన్న మాట ఎవరు అన్నా ఆ రోజే నీకు చెప్పాలి. డబ్బు ఇవ్వకూడదు, తీసుకోకూడదు. వీటిని కాగితం మీద రాసి గోడకు అంటించు, మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. చిన్నపిల్లలతో ఆడేటప్పుడు వాడే పెద్దవాడు కనుక అవే నియమాలు వాడికీ వర్తిస్తాయి: వసారాలోనో ఆవరణలోనో నలుగురి కళ్ల ముందే ఆడాలి. ఆ పిల్లల తల్లుల దగ్గరకు ముందుగా నువ్వే వెళ్లి మాట్లాడు. అనుమానం పుట్టాక చెప్పే మాటకు విలువ ఉండదు. వాడు పెద్దవాడయ్యేకొద్దీ ఇది మరీ ముఖ్యం. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే పోక్సో చట్టం, 2012 ప్రకారం పద్దెనిమిదేళ్లలోపు వారందరూ పిల్లలే, వారి ఒంటి మీద చేయి వేయడం గురించి మా వాడికి నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్క లేదు.

గార్డు గారికి అలసట ఉంటుందని కూడా నేర్పు. అయిదున్నర నుంచి ఆరున్నర వరకు అని సమయం పెడితే వాడికీ హాయి, ఆయనకూ హాయి.

ఈ స్నేహాలు ముగిసే తీరు కూడా వేరు. ఇసుకలో ఆడిన పిల్లలు పన్నెండేళ్లు వచ్చేసరికి తమ ఈడు వాళ్ల వైపు వెళ్లిపోతారు. అది వాడి తప్పు కాదని ముందే చెప్పి ఉంచు. పెద్దవారి సంగతి ఇంకా కష్టం. రేడియో తాతగారు పోయినప్పుడు నేను మా వాడితో ‘ఊరికి వెళ్లారు’ అన్నాను. పదకొండు రోజులు వాడు సరిగ్గా అయిదింటికి వెళ్లి, మూసిన షట్టరు ముందు ఎండలో కూర్చున్నాడు. పన్నెండో రోజు నిజం చెబితే ‘ముందే చెబితే పాడె వెంట నడిచేవాణ్ణి కదా’ అన్నాడు. ఆ మాటకు ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

గార్డు గారింటి ఫోను నంబరు నీ దగ్గర లేకపోతే రేపే తీసుకో. ఆయనకు ఒంట్లో బాగుండని రోజున వాళ్ల కోడలు ముందుగా నీకు చెప్పాలి, నువ్వు వెంటనే వాడికి చెప్పాలి.